ఏ కాలేజీ అన్నది రెండో ప్రశ్న

మాలినీ ఛిబ్ ఆత్మకథ ‘వన్ లిటిల్ ఫింగర్’ 2011లో వెలువడింది. సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన ఆమె ఆ పుస్తకాన్ని ఒక్క చిటికెనవేలితో టైపు చేశారు. పుస్తకానికి ఆ పేరు అందుకే. ఆమె తల్లి మిథు ఆలూర్ 1972లో బొంబాయిలో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియాను స్థాపించారు. ప్రత్యేక పాఠశాల నుంచి బొంబాయి సెయింట్ జేవియర్స్ కాలేజీకి, అక్కడి నుంచి లండన్‌కు వెళ్లి రెండు మాస్టర్స్ డిగ్రీలు పూర్తిచేసిన ప్రయాణం ఈ పుస్తకంలో ఉంది.

దీన్ని విజయగాథగా చదువుకోవచ్చు. చాలామంది అలాగే చదివి, కళ్లు తుడుచుకుని, పక్కన పెట్టి ఉంటారు. పుస్తకం పొడుగునా పదే పదే వచ్చే ఒక బాధ మాత్రం నన్ను వదలలేదు. మనుషులు ఆమెతో మాట్లాడరు, ఆమె పక్కనున్నవాళ్లతో మాట్లాడతారు. ఆమెకేం కావాలో ఆమె ఎదుటనే తల్లిని అడుగుతారు, స్నేహితురాలిని అడుగుతారు. లండన్‌లో విద్యుత్ చక్రాల కుర్చీ, అది ఎక్కగలిగే బస్సులు దొరికినప్పుడు ఆమె పొందిన ఆనందం డిగ్రీ చేతికొచ్చినప్పటి ఆనందంకన్నా పెద్దదిగా కనిపిస్తుంది. తన మాట తాను చెప్పుకోగలగడం, తన దారిన తాను వెళ్లగలగడం: ఈ రెండూ ఆమెకు చదువులో భాగాలే.

నేను పెద్దల ఆసుపత్రిలో పనిచేసే వైద్యుణ్ణి. పిల్లల ఆసుపత్రి వయసు దాటిపోయిన పదహారు, పద్దెనిమిదేళ్ల వాళ్లు కొత్తగా మా దగ్గరకు వస్తుంటారు. వారిలో తెలుగు పిల్లలూ ఉంటారు. ప్రశ్న పిల్లవాణ్ణి అడుగుతాను. జవాబు తండ్రి చెబుతాడు. మళ్లీ పిల్లవాడి వైపే తిరిగి అడిగితే ఈసారి తల్లి చెబుతుంది. అందులో ప్రేమ తప్ప మరొకటి లేదు, నిజమే. కానీ తన జబ్బు పేరేమిటో, ఏ మందు ఎందుకు వేసుకుంటున్నాడో పద్దెనిమిదేళ్లు నిండినా తెలియని పిల్లలను చూశాను. గది దాటి బయటకు వెళ్లేముందు తల్లిదండ్రులు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంటుంది: “డాక్టరు గారూ, మావాడికి ఏ కాలేజీ అయితే మంచిదంటారు?”

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. అంతకుముందే అడగవలసిన ప్రశ్న మరొకటి ఉందని ఈ వ్యాసంలో చెప్పదలిచాను. తనకేముందో, దానివల్ల తనకేం కావాలో పిల్లవాడికి తెలుసా? మనం వాడికి చెప్పామా?

మేముండే ఎడ్మండ్‌సన్ పార్క్ సిడ్నీకి నైరుతి కొసన కొత్తగా మొలిచిన ఊరు. రెండో ప్రపంచ యుద్ధంలో విక్టోరియా క్రాస్ పొందిన మొదటి ఆస్ట్రేలియన్ సైనికుడు జాన్ ఎడ్మండ్‌సన్ పేరు దీనికి పెట్టారు. రైలు స్టేషను 2015లో తెరిచారు. ఇళ్లన్నీ ఇంచుమించు ఆ తర్వాత కట్టినవే. 2021 జనాభా లెక్కల నాటికి ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 59 వేలమందికి పైగా తేలారు. అందులో మా వంతు ఎంతో లెక్క కట్టలేదు గాని, ఏ శనివారం సాయంత్రం ఏ వీధిలో నడిచినా పోపు వాసన తగులుతుంది. రైల్లో ఒక్క స్టేషను దూరంలో, గ్లెన్‌ఫీల్డ్‌లో, హర్ల్‌స్టోన్ అగ్రికల్చరల్ హైస్కూలు ఉంది. అందులోని సెలెక్టివ్ సీటు కోసం మూడో తరగతి నుంచే పిల్లల్ని కోచింగుకు పంపే ఇళ్లు ఉన్నాయి. పుట్టినరోజు పార్టీల్లో మాటలు వాతావరణంతో మొదలై, ఇంటి వడ్డీ రేట్ల మీదుగా, పిల్లల చదువు దగ్గర వచ్చి ఆగుతాయి. అక్కడ కొన్ని జంటలు మెల్లగా లేచి వంటింట్లోకి వెళ్లిపోతాయి. ఎందుకు లేచారో అందరికీ తెలుసు. ఎవరూ అడగరు.

ఆ మౌనానికి కారణం చిన్నచూపు ఒక్కటే అనుకుంటే ఆ తల్లిదండ్రులకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. ఇంతకన్నా గట్టి కారణం ఒకటుంది. ఆస్ట్రేలియా 1992లో వైకల్య వివక్ష నిరోధక చట్టం తెచ్చుకుంది. మంచి చట్టం. కానీ వలస చట్టాన్ని దాని పరిధి నుంచి మినహాయించింది. శాశ్వత నివాసం కోరే కుటుంబంలో ఒకరి ఆరోగ్యం, ఆసరా సేవల ఖర్చు నిర్ణీత మొత్తాన్ని దాటుతుందని అంచనా వేస్తే దరఖాస్తు తిరస్కరించవచ్చు. సాధారణంగా ఒకరు అనర్హులైతే కుటుంబమంతా అనర్హులే. కొన్ని రకాల వీసాల్లో మాత్రమే మినహాయింపు కోరే వీలుంది. ఆ పరిమితిని 2024 జులైలో 86,000 డాలర్లకు పెంచారు. పెంచడం మేలే, కానీ సూత్రం మారలేదు. వైకల్యం ఉన్నవారికి జాతీయ స్థాయిలో ఆసరా ఇచ్చే ఎన్‌డీఐఎస్ పథకం కూడా పౌరులకు, శాశ్వత నివాసులకు, ప్రత్యేక వీసా ఉన్న న్యూజిలాండ్ వాళ్లకే వర్తిస్తుంది.

అంటే, ఎనిమిదేళ్ల పిల్లవాడితో తాత్కాలిక వీసా మీద దిగిన తెలుగు దంపతులు వీసా భయం నీడలోనే కొన్నేళ్లు గడుపుతారు. స్కూలు టీచరు మాట ఎత్తితే “వాడు కాస్త ఆలస్యంగా మాట్లాడాడు, అంతే” అంటారు. పరీక్షలు చేయించరు, కాగితం పుట్టనివ్వరు. వీసా దరఖాస్తులో అబద్ధం చెప్పమని ఏ వైద్యుడూ అనలేడు, అనకూడదు. అయినా ఆ భయం నాకు అర్థమవుతుంది. దాన్ని పుట్టించింది తల్లిదండ్రులు కారు. నేను తప్పుపట్టేది ఆ తర్వాతి దశను. శాశ్వత నివాసం వస్తుంది, పౌరసత్వమూ వస్తుంది, ఇల్లు కొంటారు, గృహప్రవేశం జరుగుతుంది. భయానికి కారణం పోయినా దాచే అలవాటు మిగిలిపోతుంది. ఈసారి దానికి వేరే కారణాలు దొరుకుతాయి: చెల్లెలి పెళ్లి, ఊళ్లో అమ్మమ్మ ఆరోగ్యం, పార్టీల్లో నలుగురి చూపులు. పదేళ్లు బయటివాళ్ల దగ్గర దాచిన విషయం చివరకు పిల్లవాడి దగ్గర కూడా దాచినట్టే అవుతుంది.

పద్దెనిమిదేళ్లు నిండగానే దాని ఖర్చు తెలుస్తుంది. ఇక్కడి స్కూల్లో టీచర్లు తల్లిదండ్రులను పిలిచి మాట్లాడతారు. విశ్వవిద్యాలయంలో అలా ఉండదు. 2005 నుంచి అమల్లో ఉన్న విద్యా ప్రమాణాల ప్రకారం, వైకల్యం ఉన్న విద్యార్థికి సమంజసమైన సర్దుబాట్లు చేయడం విద్యాసంస్థ బాధ్యత. పరీక్షలో అదనపు సమయం, విడిగా గది, నోట్సు రాసిపెట్టే మనిషి, పాఠాల రికార్డింగు వంటివి ఆ సర్దుబాట్లు. కానీ విద్యార్థి వచ్చి తన సంగతి నమోదు చేసుకుంటేనే ఈ బాధ్యత కదులుతుంది. చట్టం దృష్టిలో అతడు పెద్దవాడు. అతని అనుమతి లేకుండా ఆ కార్యాలయం తండ్రితో మాట్లాడదు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. మామూలుగా పాఠం చెప్పే అధ్యాపకుడికి చేరేది సర్దుబాట్ల జాబితా మాత్రమే, రోగనిర్ధారణ పేరు చేరదు. డిగ్రీ పట్టా మీద ఆ మాట ఎక్కడా ఉండదు. మనవాళ్లు భయపడేంత బహిరంగం కాదది. అయినా, తనకేం కావాలో ఎన్నడూ పైకి చెప్పి ఎరగని పిల్లవాడు ఆ కార్యాలయం తలుపు తట్టడు. మొదటి సెమిస్టరు పోతుంది. రెండో సెమిస్టరులో క్లాసుకు వెళ్లడం మానేస్తాడు. ఇంట్లో తెలిసేసరికి ఏడాది గడిచిపోతుంది. మంచి కాలేజీ కాదేమోనని ఇంకో కాలేజీ వెతుకుతారు.

నిజానికి ఎంపిక పన్నెండో తరగతి తర్వాత జరిగేది కూడా కాదు. న్యూ సౌత్ వేల్స్‌లో పదకొండో తరగతి సబ్జెక్టులు పదో తరగతిలో ఎంచుకుంటారు. నేర్చుకోవడంలో ఇబ్బంది ఎక్కువగా ఉన్న పిల్లలకు లైఫ్ స్కిల్స్ కోర్సులుంటాయి. వాటితోనూ హెచ్‌ఎస్‌సీ పట్టా వస్తుంది, కానీ ఆ కోర్సులు ఏటార్ లెక్కలోకి రావు. కొందరు పిల్లలకు అవే సరైనవి. వాళ్లను బలవంతంగా గణితం అడ్వాన్స్‌డ్‌లో కూర్చోబెట్టడం హింస. మరికొందరి విషయంలో మాత్రం, తల్లిదండ్రులు మాట్లాడరు గనుక, పిల్లవాడు అడగడు గనుక, స్కూలుకు తేలికైన దారే ఖరారవుతుంది. మామూలు సబ్జెక్టులు చదవగలిగిన పిల్లవాడికైతే హెచ్‌ఎస్‌సీ పరీక్షల్లో అదనపు సమయం, విరామాలు, చదివి వినిపించేవారు, చెబితే రాసేవారు దొరుకుతారు. దానికి స్కూలు ద్వారా ముందుగా దరఖాస్తు చేయాలి, ఆధారాలు చూపాలి. విశ్వవిద్యాలయాల ప్రవేశాల్లో కష్టపరిస్థితులను లెక్కలోకి తీసుకునే పథకమూ ఉంది. దానికీ కాగితం కావాలి. పుట్టనివ్వని కాగితం ఇక్కడ లోటుగా తేలుతుంది. ‘కాలేజీ’ అన్న మాట వినగానే మనకు పదో తరగతి తర్వాత ఇంటర్మీడియట్ గుర్తొస్తుంది. ఇక్కడ ఇంకా రెండేళ్లు స్కూలే కదా, తర్వాత చూద్దాం అనుకుంటాం. ఈ పిల్లల వరకు మన పాత లెక్కే సరైనది. పదో తరగతిలోనే కూర్చుని మాట్లాడుకోవాలి, పిల్లవాణ్ణి మధ్యలో కూర్చోబెట్టుకుని.

చెప్పినంత మాత్రాన తలుపులు తెరుచుకుంటాయా అని అడగవచ్చు. తెరుచుకోని చోట్లు నాకూ తెలుసు. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో చూపు లేకుండా పుట్టిన శ్రీకాంత్ బొల్లా పదో తరగతి తర్వాత సైన్సు చదువుతానంటే నిబంధనలు ఒప్పుకోవన్నారు. కోర్టుకు వెళ్లి అనుమతి తెచ్చుకున్నాడు, ఇంటర్మీడియట్‌లో 98 శాతం తెచ్చుకున్నాడు. అయినా ఐఐటీ దారి మూసుకుపోతే అమెరికాలో ఎంఐటీలో చేరాడు. తిరిగివచ్చి 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. 2024లో అతని కథ హిందీ సినిమాగా కూడా వచ్చింది. సినిమా చూసినవాళ్లు అతని తెలివికి చప్పట్లు కొట్టారు. తెలివి అందరికీ 98 శాతం ఉండదు, ఉండనక్కరలేదు కూడా. అతని దగ్గర మనం నేర్చుకోవలసింది వేరే ఉంది. నాకు చూపు లేదు, నాకు సైన్సు కావాలి: ఈ రెండు మాటలనూ అతడు ఒకే గొంతుతో, సిగ్గుపడకుండా, కోర్టు దాకా వెళ్లి చెప్పాడు.

ఈ విషయంలో నా వృత్తివారి పాత్ర గురించీ చెప్పాలి. 2016 నాటి భారతీయ చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు కేటాయించింది. 40 శాతం వైకల్యం ఉన్నట్టు మేం సంతకం పెడితే రిజర్వేషను వస్తుంది. వైద్యవిద్య నిబంధనల్లో కొన్ని రకాల వైకల్యాలకు అదే 40 శాతం దాటితే అసలు సీటే లేదన్నారు! మాట్లాడటంలో ఇబ్బంది ఉన్న ఓంకార్ గోండ్ అనే విద్యార్థికి ఎంబీబీఎస్ సీటు అలాగే కాదన్నారు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు, శాతం అనే అంకె ఒక్కటే అనర్హత కాజాలదని, ఆ విద్యార్థి ఆ కోర్సు చేయగలడా లేదా అన్నది పరిశీలించి చెప్పాలని తీర్పునిచ్చింది. మనిషిని శాతంగా మార్చి సంతకం పెట్టడం వైద్యులకు తేలిక. ఏం చేయగలడో అతన్నే అడిగి తెలుసుకోవడానికి సమయం పడుతుంది. వైద్యుల అలవాటే కాలేజీలకు, కాలేజీల అలవాటే ఇళ్లకు పాకింది.

ఇక అసలు అడిగిన ప్రశ్న: ఏ కాలేజీ? టెంపుల్ గ్రాండిన్ పేరు సాహిత్యాభిమానులకు ఆలివర్ శాక్స్ ‘యాన్ ఆంత్రొపాలజిస్ట్ ఆన్ మార్స్’ ద్వారా తెలిసి ఉంటుంది. ఆటిజం ఉన్న ఆమె పశువుల ప్రవర్తన మీద పరిశోధన చేసి, 1989లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొంది, ఆచార్యురాలైంది. అటువంటి మేధావి డిగ్రీ చదివింది ఏ ప్రఖ్యాత విశ్వవిద్యాలయంలోనో కాదు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో రిండ్జ్ అనే చిన్న ఊళ్లో, 1962లో పుట్టిన ఫ్రాంక్లిన్ పియర్స్ అనే చిన్న కాలేజీలో. ఆమె హైస్కూలు కూడా ఆ ఊళ్లోదే. తనను అర్థం చేసుకున్న సైన్సు మాస్టారు విలియం కార్లాక్ ఉన్న స్కూలు అది. కాలేజీ పేరుకన్నా తెలిసిన ఊరు, తెలిసిన మనిషి ఆమెకు ఎక్కువ పనికొచ్చాయి.

మా ఊరి భాషలో చెబితే, లివర్‌పూల్‌కు నేరుగా వెళ్లే రైలుంది, క్యాంప్‌బెల్‌టౌన్‌కు వెళ్లాలంటే గ్లెన్‌ఫీల్డ్‌లో రైలు మారాలి. ఉదయం జనసమ్మర్దంలో ప్లాట్‌ఫాం మారడం కొందరు పిల్లలకు కాల్క్యులస్ కంటే కష్టం. సిడ్నీ విశ్వవిద్యాలయానికి దగ్గరి స్టేషనైన రెడ్‌ఫెర్న్‌లో చాలా ప్లాట్‌ఫాంలకు 2023లో గాని లిఫ్టులు రాలేదు. అంతకుముందు చక్రాల కుర్చీలో వెళ్లే విద్యార్థికి ఆ విశ్వవిద్యాలయం ప్రపంచ ర్యాంకు దేనికి పనికొచ్చేది? చూడవలసినవి ఇవి. ప్రయాణం తనంతట తాను చేయగలడా? తరగతిలో ఎంతమంది? మధ్యాహ్నం చప్పుడు భరించలేకపోతే వెళ్లి కూర్చునే చోటుందా? కోర్సు భారం తగ్గించుకుని నాలుగేళ్లది ఆరేళ్లు చదవనిస్తారా? టేఫ్ నుంచి మొదలుపెట్టి తర్వాత డిగ్రీకి మారవచ్చా? ఓపెన్ డేకి కుటుంబమంతా వెళ్లినా సరే, ఈ ప్రశ్నలు పిల్లవాడే అడగాలి. అడిగినప్పుడు కౌంటరు వెనకున్న మనిషి ఎవరి ముఖం చూసి జవాబు చెబుతున్నాడో గమనించండి. తండ్రి ముఖం చూసి చెబితే ఆ కాలేజీ గురించి మనకు ముఖ్యమైనదేదో తెలిసినట్టే.

బుద్ధి వికాసంలోనే ఇబ్బంది ఉన్న పిల్లల సంగతేమిటి? వాళ్లు ఇవన్నీ అడగగలరా? ఈ ఆక్షేపణ బరువైనది. దీని మీద ఈ దేశంలో పెద్దలే ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. వైకల్యం ఉన్నవారి మీద జరిగిన హింసను, నిర్లక్ష్యాన్ని విచారించిన రాయల్ కమిషన్ 2023 సెప్టెంబరులో 12 సంపుటాల నివేదిక, 222 సిఫారసులు ఇచ్చింది. ప్రత్యేక పాఠశాలలు ఉండాలా వద్దా అన్న దగ్గర ఆరుగురు కమిషనర్లు సగానికి సగం చీలిపోయారు. ముగ్గురు 2051 నాటికి వాటిని పూర్తిగా మూసేయాలన్నారు, ముగ్గురు అక్కరలేదన్నారు. తమ పిల్లలను ఏ దారిలో పంపాలో తేల్చుకోలేక సతమతమయ్యే తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకుంటే కొంత ఊరట పొందవచ్చు.

అయితే ఏకీభవించలేని పెద్దలున్న దేశంలోనే, అడిలైడ్‌లోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం ‘అప్ ది హిల్’ పేరుతో బుద్ధి వికాస వైకల్యం ఉన్న యువతను తన తరగతుల్లో కూర్చోనిచ్చింది. సిడ్నీ విశ్వవిద్యాలయంలోనూ అటువంటి ప్రయత్నం జరిగింది. డిగ్రీ రాదు, పరీక్ష ఉండదు. తనకు నచ్చిన పాఠం వినడం, తోటి వయసువాళ్లతో కాఫీ తాగడం ఉంటాయి. దానివల్ల ఏం లాభమని మా తరం అడుగుతుంది. ఇరవయ్యేళ్ల వయసులో ఇరవయ్యేళ్ల వాళ్ల మధ్య ఉండటం మనకు ఉచితంగా దొరికింది, అందుకే దాని విలువ మనకు తెలియదు. చరిత్ర కావాలో, సినిమా కావాలో, వంట కావాలో ఆ పిల్ల మాటల్లో చెప్పలేకపోయినా చెప్పే పద్ధతులున్నాయి. బొమ్మ చూపుతుంది, ఒక గదిలో నిలుస్తుంది, మరో గదిలోంచి బయటికి లాగుతుంది. అదీ ఎంపికే. కనిపెట్టి వినేవాళ్లుండాలి.

ఆండ్రూ సాలమన్ తన బృహద్గ్రంథం ‘ఫార్ ఫ్రమ్ ది ట్రీ’ (2012) కోసం మూడు వందలకు పైగా కుటుంబాలను కలిశాడు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే గుర్తింపు ఒకటి, భాష, మతం, ఇంటిపేరు లాంటిది. తల్లిదండ్రుల్లో లేనిది, పిల్లవాడు తనలాంటివాళ్ల మధ్యకు వెళ్లి తెలుసుకోవలసినది మరొకటి. బధిరత్వం, ఆటిజం, డౌన్ సిండ్రోమ్ రెండో రకానివని ఆయన వాదన. మన ఇళ్లలో మొదటిదాన్ని కాపాడుకోవడానికి తెలుగు బడులు, ఉగాది ఉత్సవాలు నడుపుతున్నాం. రెండోదానికి మన దగ్గర ఏమీ లేదు. పిల్లవాడు దాన్ని మొదటిసారి కలుసుకునే చోటు చాలాసార్లు కాలేజీయే. తనకేముందో తెలియకుండా అక్కడికి పంపితే, తనలాంటివాళ్లు పక్కనే ఉన్నా గుర్తుపట్టలేడు.

ఎలా చెప్పాలో తెలియదనే తల్లిదండ్రులకు నేను సూచించేది మందు కాదు, పుస్తకం. కార్లీ ఫిండ్లే సంకలనం చేసిన ‘గ్రోయింగ్ అప్ డిసేబుల్డ్ ఇన్ ఆస్ట్రేలియా’ 2021లో వచ్చింది. రకరకాల వైకల్యాలతో ఈ దేశంలో పెరిగిన నలభైమందికి పైగా రాసిన చిన్న చిన్న స్వీయకథలు అందులో ఉన్నాయి. కోపం ఉంది, హాస్యం ఉంది, ఏడుపు తక్కువ. మా ప్రాంతపు లైబ్రరీల్లో అడిగితే తెప్పించి ఇస్తారు. పిల్లవాడు తొమ్మిదిలోనో పదిలోనో ఉన్నప్పుడు, రాత్రి భోజనాలయ్యాక, రోజుకొక కథ చదవండి. తాను చదవలేకపోతే మీరు చదివి వినిపించండి. నాలుగైదు కథలయ్యేసరికి “నాకూ ఇలాంటిదేనా, నాన్నా?” అని వాడే అడగవచ్చు. అడిగితే ఔననండి. కాలేజీల జాబితా ఆ మర్నాడు తీయవచ్చు.